పాలు పొంగిన ఉత్తరం

"చేతులు కడుక్కున్నావా?"

కడుక్కున్నాను. పంతొమ్మిదేళ్ళుగా ఆ గది గుమ్మం దాటిన ప్రతిసారీ ఆయన ఇదే అడుగుతారు, నేను ప్రతిసారీ కడుక్కునే వస్తాను. ఆయన స్నేహితులు బిస్కెట్లు తిన్న వేళ్ళతోనే ఫ్రేములు తీసి వెలుతురుకి పట్టుకుని చూస్తారు. వాళ్ళని అడగరు. పెద్దమనుషుల్ని అడిగితే ఏం బాగుంటుంది! పెళ్ళైన కొత్తలో ఒకసారి వంట మధ్యలో పిలిస్తే వచ్చి, ఒక ఒప్పందపత్రం అంచు పట్టుకున్నాను. నా బొటనవేలి నూనె మరక దాని మీద పడింది. ఇప్పటికీ ఉంది. కొత్తవాళ్ళెవరైనా వస్తే ఆయన ఆ మరక చూపించి, "ఇది మా ఆవిడ సంతకం" అని నవ్విస్తారు. నేనూ నవ్వుతాను. టీ ట్రే పట్టుకుని నిలబడ్డ మనిషి నవ్వకపోతే చూడ్డానికి బాగుండదు.

మా ఆయన సంతకాలు సేకరిస్తారు. సినిమా తారలవీ, ఆటగాళ్ళవీ కాదు. వందేళ్ళ కిందట పోయిన వయొలిన్ విద్వాంసులవి, వాళ్ళు వాయించడానికి సంగీతం రాసిపెట్టిన స్వరకర్తలవి. ఉత్తరాలు, ఒప్పందాలు, కచేరీల కరపత్రాలు, ఆఖరికి ఒకాయన వయొలిన్ మరమ్మతుకిస్తూ రాసిన చీటీ కూడా మా ఇంట్లో అద్దం వెనక ఉంది. కాగితం ఏదైనా ఫరవాలేదు, కింద సంతకం ఉండాలి. సంతకం లేనిది చిత్తుకాగితం అంటారాయన. ఊళ్ళో అందరూ ఆయన్ని సంతకాలాయన అంటారు. ఆయనకి వయొలిన్ వాయించడం రాదు. నాకూ రాదు. నేనేదో గొప్ప విద్వాంసురాలినై ఉండి పెళ్ళితో మానేశానని అనుకునేరు, అలాంటిదేం లేదు. మానెయ్యడానికి కూడా నా దగ్గర ఏమీ లేదు. బ్యాంకులో గుమాస్తాని. పగలంతా చెక్కుల మీది సంతకాలు, సాయంత్రం మహానుభావుల సంతకాలు. మధ్యలో వంట.

సేకరించడం అంటే తెచ్చుకోవడమే అని నేనూ మొదట్లో అనుకున్నాను. తేవడం ఆయన పని. ఆ తరవాతదంతా నాది. చెమ్మ తగలకుండా మందు పొట్లాలు మార్చడం, పురుగు పట్టిందేమోనని నెలకోసారి అట్టలన్నీ తిరగెయ్యడం, ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారో కార్డు తయారుచెయ్యడం, ఎక్కడెక్కడో ఉన్న అమ్మకందార్లకి జాబులు రాయడం. సగం ఉత్తరాలు మా ఇద్దరికీ రాని భాషలో ఉండేవి. "సారాంశం తెలిస్తే చాలు" అన్నారాయన. సారాంశం చెట్టుకి కాయదు కదా. బస్సులో నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని ఆరేళ్ళు ఆ భాష నేర్చుకున్నాను. పాత చేతిరాత పోల్చుకోవడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. సభల్లో ఆయన ఆ ఉత్తరాలు చెబుతుంటే జనం మంత్రం వేసినట్టు వింటారు. "మీకు ఆ భాష కూడా వచ్చా!" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆయన ఔననరు, కాదనరు, తల ఓ పక్కకి వంచి చిరునవ్వు నవ్వుతారు. వెనక వరసలో కూర్చుని ఆ తల వంపు చూసినప్పుడల్లా నా కుడికాలు ఊగడం మొదలవుతుంది. కుర్చీలు కదిలి పక్కవాళ్ళు నా వంక చూస్తారు. ఆపుతాను. కాసేపటికి మళ్ళీ అదే ఊగుతుంది.

జాబుల కింద సంతకం పెట్టేదీ నేనే. ఆయన పేరు, నా చెయ్యి. "నువ్వే పెట్టేసేయ్, నాకంటే నీకే బాగా వస్తుంది" అన్నారొకసారి, పేపర్లోంచి తల ఎత్తకుండా. నిజంగానే బాగా వచ్చేది. ఆయన పెడితే ఒకరోజు పొడుగు, ఒకరోజు పొట్టి, తొందరలో ఉంటే చివరి అక్షరం ఉండనే ఉండదు. నేను పెడితే అచ్చు గుద్దినట్టుండేది. అందులో నాకు కొంత గర్వం కూడా ఉండేదని ఒప్పుకోవాలి.

మా ఇంటి నిధి అంతా పదకొండు ఉత్తరాలు, తొమ్మిదేళ్ళ కిందట వచ్చాయి. ఒక స్వరకర్త, మా ఆయన అతన్ని పేరు పెట్టి పిలవరు, మహానుభావుడు అంటారు, తన చివరి రోజుల్లో ఒక వయొలిన్ విద్వాంసుడికి రాసినవి. తను రాసిన పెద్ద రచనలో నెమ్మదిగా నడిచే మధ్యభాగాన్ని ఎలా వాయించాలో అందులో విడమరిచి చెప్పాడు. వాటిలో ఏడో ఉత్తరం మా ఆయనకి ప్రాణం. "ఇక్కడ కమాను తొందరగా తిప్పకు. ఒక్క ఊపిరి పట్టినంతసేపు తీగ మీదే ఉండనీ. నీకు భయం వేస్తుంది, వెయ్యనీ" అని రాస్తూ రాస్తూ, మధ్యలో, "ఉండు, పాలు పొంగుతున్నాయి, వస్తాను" అని ఉంటుంది. ఆ కిందనుంచి సిరా కాస్త చిక్కబడుతుంది. "వచ్చాను. సగం పోయాయి. ఊపిరి గురించి కదా చెబుతున్నాను."

ప్రతి సభలోనూ ఆయన దీన్ని ఆఖర్న చదువుతారు. నేను చేసిన అనువాదమే. చదివి, కాగితం దించి, "చూశారా! అంత సంగీతం రాసినవాడు ఇంట్లో పాలు కూడా తనే కాచుకున్నాడు. అదీ నిరాడంబరత!" అంటారు. ముందు వరసలో పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. నేను పంతొమ్మిదేళ్ళుగా పాలు కాస్తున్నాను, ఎవరి కళ్ళూ చెమర్చిన జాడ లేదు. అయినా ఒక మాట. నేనూ ఆ కథ నమ్మాను. తొమ్మిదేళ్ళు నమ్మాను, పొయ్యి దగ్గర నిలబడి మరీ నమ్మాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఎగ్జిబిషన్ పది రోజుల్లో ఉందనగా ఫ్రేములకి కొత్త అద్దాలు వేయించాలన్నారు. మొన్న సెలవు పెట్టి పదకొండు ఉత్తరాల్నీ ఫ్రేముల్లోంచి తీశాను. ఇన్నాళ్ళూ అవి రెండు గదుల్లో, హాల్లో, మేడమెట్ల పక్కన విడివిడిగా వేలాడేవి. అన్నిటినీ ఒకేసారి ఒకే బల్ల మీద వరసగా పరచడం అదే మొదటిసారి. పరిచి, తుడవడానికి గుడ్డ కోసం చెయ్యి చాచి, అలాగే ఉండిపోయాను. పదకొండు సంతకాలూ ఒక్కలాగే ఉన్నాయి.

బ్యాంకులో చేరిన కొత్తలో సంతకాల టేబుల్ దగ్గర ఒక సీనియర్ మేడమ్ ఉండేది. చెక్కు మీది సంతకాన్ని మా దగ్గరున్న నమూనా కార్డుతో పోల్చడం ఆవిడే నేర్పింది. "కాస్త తేడా ఉంటే కంగారుపడకు. మనిషన్నాక రెండుసార్లు ఒకేలా పెట్టడు. మరీ అచ్చు గుద్దినట్టుంటే మాత్రం ఆగు" అనేది. ఇరవై రెండేళ్ళుగా అక్కడే ఆగుతున్నాను. ప్రమోషన్ అడిగినప్పుడల్లా మేనేజర్లు మారారు కానీ మాట మారలేదు. "మీరు లేకపోతే ఆ టేబుల్ ఏమైపోతుంది మేడమ్! మీ కన్నే కన్ను." పొగిడి కూర్చోబెట్టడం అంటే ఏమిటో అక్కడే తెలిసింది. ఒకసారి ఒకావిడ వచ్చింది, సంతకం కలవలేదు. పక్కనున్న భర్త, "నీ సంతకం నీకే రాదా?" అని అందరిలో నవ్వాడు. మళ్ళీ పెట్టించాను, మళ్ళీ వేరేలా వచ్చింది. అది ఆవిడదే, నాకు తెలుసు. పాస్ చేశాను.

మహానుభావుడు వయసులో ఉన్నప్పటి సంతకాలు మా దగ్గరే ఉన్నాయి. ప్రచురణకర్తతో చేసుకున్న ఒప్పందం, మూడు పేజీలు, మూడు సంతకాలు. నా నూనె మరక ఉన్న కాగితమే అది. తెచ్చి పక్కన పెట్టాను. మూడూ మూడు రకాలు. ఒకటి పైకి పోయింది, ఒకటి గీత దాటింది, మూడోదానికి సిరా చిట్లింది. తన పేరు గురించి ఏ దిగులూ లేని మనిషి చెయ్యి అది. ఉత్తరాల మీది చెయ్యి అలా కాదు. ఒద్దికగా, జాగ్రత్తగా, ఎవరికీ అనుమానం రాకూడదని ఊపిరి బిగబట్టి పెట్టిన చెయ్యి. ఆ జాగ్రత్త నాకు కొత్త కాదు. ఇంట్లో నేను పెట్టే సంతకం కూడా అదే.

అప్పుడు నాకు చాకలి పద్దు గుర్తొచ్చింది. ఆ ఉత్తరాల కట్టతో పాటు వచ్చిన చిన్న చీటీ. సంతకం లేదు కాబట్టి చిత్తుబుట్టలో పడెయ్యమన్నారాయన. ఎందుకో పారెయ్యబుద్ధి కాలేదు, నా నిఘంటువులో దాచుకున్నాను. దుప్పట్లు రెండు, చేతిరుమాళ్ళు ఆరు, ఆ కింద, "ఆయన తెల్లచొక్కాలు నాలుగు, కాలర్లకి గంజి తగ్గించాలి, మెడ ఒరుసుకుపోతోంది." ఆయన చొక్కాలు అని రాసిందంటే మహానుభావుడి భార్యేనని వేరే చెప్పాలా. ఆ చీటీని ఏడో ఉత్తరం పక్కన పెట్టాను. అక్షరాల తోకలు, పదాల మధ్య ఎడం, వాక్యం చివర చుక్క పెట్టడం మరిచిపోవడం, ఒకే చెయ్యి. పాలు పొంగుతుంటే లేచి వెళ్ళింది ఆవిడ. పోయిన పాలు పోగా మిగిలినవి దించి, పొయ్యి తుడిచి, వచ్చి కూర్చుని, ఊపిరి గురించి మళ్ళీ అందుకున్నది ఆవిడ. కాగితాల ముందు నిలబడి నాకు ఏడుపొచ్చింది. ఉత్తరాలకి తగలకుండా వెనక్కి జరిగి ఏడ్చాను, చూడండి అలవాటు.

రెండు రోజులు లోపల పెట్టుకుని ఇవాళ పొద్దున టిఫిన్ దగ్గర చెప్పాను. ఆయన మొదట నవ్వారు.

"బ్యాంకులో చూసీ చూసీ నీకు అందరూ దొంగల్లాగే కనిపిస్తున్నారు."

చీటీ చూపించాను. ఒప్పందం చూపించాను. ఆయనకి పోల్చడం రాదని కాదు, పాతికేళ్ళుగా ఆ సంతకాల మధ్యే ఉన్నారు. ముఖం పాలిపోయింది. చెంచా కింద పెట్టారు.

"సరే, రాసిందే అనుకో. ఆయన చెబితే రాసింది. రాసినంత మాత్రాన ఆవిడవైపోతాయా?"

"ఆవిడవని నేననట్లేదు. చెయ్యి ఆవిడది అంటున్నాను. ఆలోచన ఎవరిదో మీకూ తెలీదు, నాకూ తెలీదు."

"ఎగ్జిబిషన్‌లో మధ్య గోడంతా ఈ పదకొండే. ఆహ్వానం మీద ఇదే ఉంది. ఇప్పుడు పోయి మా మహానుభావుడి పెళ్ళాం రాసింది అని చెప్పమంటావా? నా పరువేం కావాలి?" ఆయన గొంతు పైకి లేవలేదు, అదే నాకు కష్టంగా అనిపించింది. బతిమాలుతున్నట్టు అన్నారు. "నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలీదు. నీ కన్ను ఎవరికుంది?"

ఇంట్లోనూ అదే మాట. మీ కన్నే కన్ను.

ఆయన ఫ్రేములు తగిలించడం చూడ్డానికి ఎగ్జిబిషన్ హాలుకి బయల్దేరారు. వెళ్తూ చెప్పులేసుకుంటూ, "ప్రూఫులు వచ్చాయిగా, నాలుగింటికి ప్రెస్‌వాళ్ళకి ఇవ్వాలి. నా సంతకం పెట్టేసి పంపించేసేయ్" అన్నారు. అప్పటికే మాట అయిపోయినట్టు, రాత్రికి ఏం వండాలో చెప్పినంత మామూలుగా.

కేటలాగు ప్రూఫులు నలభై నాలుగు షీట్లు. ప్రతి షీటు అడుగున 'చదివాను, అచ్చు వేయవచ్చు' అని ఉంది, పక్కన ఖాళీ గీత. ప్రెస్సాయన ఫోన్ చేసి మరీ చెప్పాడు. "ప్రతి షీటు మీదా సంతకం ఉండాలమ్మా. చదివినవాళ్ళదే. రేపు తప్పొస్తే మేం ఆ సంతకాన్నే అడుగుతాం." చదివింది నేను. రాసింది నేను. ముందుమాట మాత్రం ఆయన చెప్పారు, నేను టైపు చేశాను. దాని చివర, "నా శ్రీమతి సహనానికీ, వేళ తప్పకుండా అందించిన టీకీ కృతజ్ఞతలు" అని ఉంది. టైపు చేస్తున్నప్పుడు అందులో ఒక అచ్చుతప్పు పడితే నేనే దిద్దాను కూడా.

కూర్చోలేకపోయాను. షీట్ల ముందు కుర్చీ లాక్కుంటాను, లేస్తాను. వంటింట్లోకి వెళ్తాను, గ్లాసు తీస్తాను, నీళ్ళు తాగకుండానే కడిగి బోర్లిస్తాను. ఆరిన బట్టలు తెచ్చి మడతపెట్టి, మడతలు బాలేవని విప్పాను. గోడల మీద ఫ్రేములు తీసేసిన చోట తెల్లటి చతురస్రాలు, ఇల్లు ఎవరిదోలా ఉంది. మూడు సార్లు పెన్ను మూత తీశాను. ఆయన సంతకం వేళ్ళ చివర సిద్ధంగా ఉంది, ఊఁ అంటే చాలు నలభై నాలుగు సార్లు జారిపోతుంది.

"కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటే? ఇలా వచ్చి కూర్చో" అని కిటికీ పక్కనుంచి మా అత్తగారు కేకేసింది. ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని బఠానీలు ఒలుస్తోంది. నా పెళ్ళైన రోజునుంచీ ఆవిడది ఒకటే పాట. వాడికి తాగుడు లేదు, తిరుగుడు లేదు, ఉన్నదల్లా కాగితాల పిచ్చి, సర్దుకుపో. సర్దుకుపోవడం నా చేత చేయించింది ఆవిడే. అయినా ఇవాళ ఇంట్లో ఉన్న రెండో మనిషి ఆవిడే. నేల మీద కూర్చుని నేనూ ఓ గుప్పెడు కాయలు తీసుకుని, మొత్తం చెప్పాను.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "పాలు పొంగాయని రాసినప్పుడే తెలియలా నీకు? పొంగబోతున్నాయని మగాడికి తెలుస్తుందా? వాళ్ళకి మాడాక కదా తెలిసేది."

నాకు నవ్వొచ్చింది. మొన్నటి నుంచీ ఇదే మొదటి నవ్వు.

"ఇంతకీ ఆవిడ పేరేంటి?" అంది.

చెప్పాను. మా అత్తగారు ఆ పేరుని రెండుసార్లు పలికి చూసింది, నోరు తిరగలేదు, మూడోసారికి తిరిగింది. తొమ్మిదేళ్ళలో ఇన్ని సభలు జరిగాయి, ఇంతమంది విద్వాంసులొచ్చారు, ఆ పేరేమిటని అడిగిన మొదటి మనిషి ఆవిడ.

"మావాడి పుస్తకంలో ఉందా ఆ పేరు?"

"లేదు."

"నీదో?"

"శ్రీమతి అని ఉంది. టీ ఇచ్చినందుకు."

ఆవిడ ఇంకో గుప్పెడు కాయలు తీసుకుంది. ఒక కాయలో గింజలు లేకపోతే పక్కన పడేసింది. "వాడు బాధపడతాడు" అంది తరవాత.

"పడతారు."

"పడనీ అని నేననలేను. కన్నదాన్ని. నువ్వేం చేస్తావో నాకు చెప్పకు, ఆ తలుపు మాత్రం దగ్గరికేసుకో, గాలికి కాగితాలు ఎగురుతాయి."

లోపలికి వచ్చి తలుపు దగ్గరికేశాను. పదకొండు ఉత్తరాల వివరాలున్న షీట్లు తీసుకుని, 'స్వరకర్త స్వహస్తంతో రాసి సంతకం చేసిన' అన్న మాటల్ని కొట్టేశాను. పక్కన రాశాను. "ఈ ఉత్తరాలూ, వాటి కింది సంతకాలూ స్వరకర్త భార్య చేతివి. ఆలోచన ఎవరిదో తేల్చడానికి ఆధారం లేదు. చేతిరాతకి ఆధారం ఈ కట్టతో వచ్చిన చాకలి పద్దు." ఆ తరవాత ఆవిడ పేరు, పూర్తిగా. మొదటి పేజీ వెనక 'అనువాదం, వివరాలు' అని చేర్చి నా పేరు రాశాను. ముందుమాట ముట్టుకోలేదు. అది ఆయనది. టీ ఇచ్చిన మాట నిజమే.

అప్పుడు ఆయనకి ఫోన్ చేశాను. దొంగచాటుగా చేస్తే అది కూడా ఆవిడ పెట్టిన సంతకంలాంటిదే అవుతుందనిపించింది. వెనక సుత్తి చప్పుడు వినిపిస్తోంది.

"మార్చాను" అన్నాను. ఏం మార్చానో చదివి వినిపించాను.

సుత్తి చప్పుడు ఆగింది. "నేను వద్దన్నాను కదా."

"అన్నారు. నాలుగింటికి పంపాలి, ఇంకా గంటన్నర ఉంది. మీకు ఇష్టం లేకపోతే వచ్చి మీ చేత్తో కొట్టేసి, షీట్లన్నీ చదివి, మీరే సంతకం పెట్టండి. నేను ఆపను. కానీ మీ సంతకం ఇక నేను పెట్టను."

"ఈ షీట్లకా?"

"దేనికీ."

వస్తానని ఒక్క మాటంటే వచ్చేదాకా ఆగేదాన్ని, నిజంగా ఆగేదాన్ని. "ఇక్కడ మేస్త్రీ నాకోసం ఎదురుచూస్తున్నాడు" అని పెట్టేశారు. ముప్పావుగంట సేపు వీధి తలుపు వంకే చూస్తూ కూర్చున్నాను. భయం వేసింది. ఏడో ఉత్తరంలో ఆ వాక్యం పదే పదే గుర్తొచ్చింది, వెయ్యనీ, వెయ్యనీ అని. మూడుంపావు దాటింది. ఎవరూ రాలేదు.

పెన్ను మూత తీసి మొదటి షీటు ముందుకి లాక్కున్నాను. చేతులు కడుక్కోలేదని అప్పుడు చూసుకున్నాను. బఠానీ తొక్క పచ్చదనం షీటు అంచుకి అంటుకుంది. తుడవలేదు. నా పేరు రాసి చాలా ఏళ్ళైంది, జీతం రిజిస్టర్లో తప్ప. మొదటి సంతకం గీత కిందికి జారింది. రెండోది మరీ పెద్దదైపోయింది. పదోది రాసేసరికి కాస్త కుదురుకుందనుకున్నాను, పదకొండోది మళ్ళీ వంకర పోయింది. ఒకచోట చివరి అక్షరం మరిచిపోయాను. ఒకచోట సిరా చిట్లింది. నలభై నాలుగూ అయ్యాక ఆరబెట్టడానికి బల్ల మీద, మంచం మీద, నేల మీద పరిచి, లేచి నిలబడి, ఇరవై రెండేళ్ళ బ్యాంకు కళ్ళతో ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళాను. ఏ రెండూ ఒకేలా లేవు.